తెల్లని కప్పు, చల్లని ఇల్లు

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో అనేకులు ప్రాణములు కోల్పోయిరి. వడదెబ్బ పొలములోనే తగులుననుకొనుట పొరపాటు. కాగిన రేకుల క్రింద పగలంతయు గడపు వృద్ధులకు, పసిబిడ్డలకు ఇంటిలోనే అపాయము కలదు. కావున కప్పు సంగతి పంచాయతీ సభ్యులు తెలిసికొనవలెను.

అచ్చమైన పలుగురాయి గాజువలె వెలుతురును లోనికి పోనిచ్చును. దానినే పొడి చేసినచో తెల్లగా కనబడును. రాయి మారలేదు, వెలుతురు నడచు దారి మారినది. ప్రతి రేణువు అంచునను వెలుతురు వంగి, తిరిగి, తుదకు చాలవరకు వచ్చిన వైపునకే మరలిపోవును. దీనినే కాంతి పరిక్షేపణ మందురు. ఉప్పు, పాలు, సున్నము తెల్లగా నుండుటకు కారణ మిదియే.

కంటికి కనబడు వెలుతురు అలల పొడవు సుమారు 400 నుండి 700 నానోమీటర్లు. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు ఒక నానోమీటరు. రేణువులన్నియు ఒకే పరిమాణమున నున్నచో కొన్ని అలలనే బాగుగా మరలించును. చిన్నవి, పెద్దవి క్రమము లేక కలిసియున్నచో, ఎండవేడిలో సుమారు సగమును మోయు పరారుణ కిరణములును మరలిపోవును. క్రమము లేకుండుటయే ఇచ్చట మేలు. పంచాయతీ లెక్కలలో మాత్రము కాదు!

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు 2021లో పలు పరిమాణముల బేరియం సల్ఫేటు రేణువులతో చేసిన రంగు ఎండలో 98.1 శాతమును త్రిప్పికొట్టినది. ఈ పదార్థము మనకు క్రొత్తది కాదు. కడప సీమలోని మంగంపేట గనులలో లభించు ముగ్గురాయి యిదియే.

తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని కప్పుల విధానము ప్రభుత్వ భవనములకు ఇట్టి కప్పును తప్పనిసరి చేసినది. మీ ఊరి బడి, అంగన్‌వాడీ కప్పులను మొదట చూడుడు. ఖరీదైన రంగు దొరకువరకు ఆగనక్కరలేదని మా అభిప్రాయము. పండుగకు గోడలకు సున్నము వేయుదుము గాని, ఎండను మోయు కప్పును మరచుచున్నాము.

కప్పును ఊడ్చి, కడిగి, జిగురు కలిపి వడగట్టిన సున్నమును రెండు పూతలు వేయించవలెను. సున్నము విరియునపుడు పొంగి కన్నులలో పడకుండ చూచుకొనుడు. సిమెంటు రేకులు విరుగును గనుక వానిపై నేరుగా కాలు మోపరాదు. వానలకు పూత కొట్టుకొనిపోవును, ధూళి పేరుకొన్న కొలది దాని గుణము తగ్గును. కావున ఏటేట ఎండలు ముదురక ముందే మరల వేయించవలెను. పూతకు ముందొకనాడు, పిదప అంతే ఎండగల మరొకనాడు, మధ్యాహ్నము 2 గంటలకు గదిలోని వేడిని కొలిచి గ్రామసభలో చదివి వినిపింపుడు.