పాట అందరిదీ, పాడినోడు ఎవరివాడు?

మన హాస్టల్‌లో ఎవరి ఫోన్ చూసినా రెండు ప్లేలిస్టులు ఉంటాయి. ఒకటి ఇంగ్లీషు పాటలది, ఇంకోటి "ఫోక్" అని పేరు పెట్టుకున్నది. మొదటిదాంట్లో పాడినవాళ్ల పేర్లే కాదు, వాళ్ల పుట్టిన ఊర్లు, పెళ్లిళ్లు, కోర్టు కేసులు కూడా చెప్పేటోళ్లు మన బ్రాంచిలోనే ఉన్నరు. రెండోదాంట్లో డీజే మిక్స్ చేసిన పిలగాని పేరు తప్ప ఇంకో పేరు కనబడదు.

ఈ తేడా ఎందుకొచ్చిందో అర్థం చేసుకుందామని ఈసారి అమెరికా సోల్, కంట్రీ గాయకుల జీవితాలను, మా పెద్దవంగర చుట్టుపక్కల పాడినవాళ్ల జీవితాలను పక్కపక్కన పెట్టి చదివిన. సోల్ అంటే నల్లజాతి వాళ్ల చర్చి పాటల్లోంచి వచ్చిన సంగీతం. కంట్రీ అంటే కొండప్రాంతాల, పొలాల తెల్లజాతి పేదల పాటల్లోంచి పెరిగిన సంగీతం. రెండింటి మూలమూ పల్లె, పేదరికమే. అంటే మనకు పరాయి ముచ్చట కాదు.

డాలీ పార్టన్‌తో మొదలుపెడదాం. 1946లో టెనెసీ కొండల్లో పుట్టింది. పన్నెండు మంది పిల్లలున్న ఇల్లు. ఆమె పుట్టినప్పుడు కాన్పు చేసిన డాక్టర్‌కు ఇయ్యడానికి పైసలు లేక వాళ్ల నాయిన ఒక బస్తా మక్కపిండి ఇచ్చిండట. ఇది చదివి నవ్వొచ్చింది నాకు, మన ఊర్ల కథే కదా అని. ఆమె రాసి పాడిన "ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ" 1974లో కంట్రీ చార్టుల్లో మొదటి స్థానానికి పోయింది. ఆ పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నడు. కానీ ఆయన మేనేజర్ ఒక షరతు పెట్టిండు: పబ్లిషింగ్ హక్కుల్లో సగం మాకు రాసియ్యాలె అని. పబ్లిషింగ్ హక్కు అంటే, ఆ పాట ఎవరు పాడినా, ఎక్కడ మోగినా రాసినవాళ్ల వైపు వచ్చే ఆదాయం. ఎల్విస్ అంటే అప్పట్లో మామూలు మాట కాదు. అయినా డాలీ ఇయ్యలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ అదే పాటను "బాడీగార్డ్" సినిమాలో పాడితే ప్రపంచమంతా మోగింది. రాసినామెకు వాటా అందింది.

దీనికి తిరగేసిన కథ "రెస్పెక్ట్" పాటది. ఓటిస్ రెడ్డింగ్ రాసి 1965లో పాడిండు. 1967లో అరీథా ఫ్రాంక్లిన్ దాన్ని ఆడమనిషి గొంతులోకి మార్చి పాడితే పాట అర్థమే మారిపోయింది. ఈరోజు "రెస్పెక్ట్" అంటే అందరికీ అరీథానే యాదికొస్తది. కానీ అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు పాట వేస్తే రచయిత వైపు డబ్బు కడతాయి, పాడినవాళ్లకు కట్టవు. కాబట్టి రేడియోలో ఆమె గొంతు మోగినప్పుడల్లా పైసలు వేరే ఇంటికి పోయినయ్. ఓటిస్ కూడా ఏం అనుభవించిండని! 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో పోయిండు, 26 ఏళ్లకే. ఆయనకు అతి పెద్ద హిట్ అయిన "డాక్ ఆఫ్ ది బే" వచ్చింది ఆ తర్వాతనే.

అక్కడ అంతా న్యాయంగా ఉందని చెప్పట్లేదు. మిసిసిపీలో పాలుకు పత్తి పండించే నల్లజాతి కుటుంబంలో పుట్టిన చార్లీ ప్రైడ్ కంట్రీ పాడితే, మొదట్లో రికార్డుల ప్రచారంలో ఆయన ఫోటో బయటపెట్టలేదు. గొంతు కావాలె, ముఖం వద్దు. కులం తెలిసిన మనకు దీని మీద వేరే పాఠం అక్కర్లేదు. అయితే అన్నిటి కింద ఒక లెక్క నడుస్తుంటది: పాట ఒక ఆస్తి. దాన్ని అమ్మొచ్చు, దాచుకోవచ్చు, దాని కోసం కొట్లాడొచ్చు.

ఇగ మా వైపు వద్దాం. పెద్దవంగర 2016లో కొత్త మండలం అయింది, జిల్లా మహబూబాబాద్, నియోజకవర్గం పాలకుర్తి. ఈ చుట్టుపక్కల పాడినవాళ్ల పేర్లు చెప్తే మీరు ఆశ్చర్యపోతరు. చుక్క సత్తయ్యది జనగామ దిక్కు మాణిక్యపురం. ఒగ్గు కథకు ఆయన పేరే ఇంకో పేరు. 2004లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది, 2017 నవంబరులో పోయిండు. చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యది దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి. 2024లో పద్మశ్రీ వచ్చింది. అందెశ్రీది రేబర్తి. 

ఒగ్గు కథ చూడని మిత్రుల కోసం రెండు మాటలు. ఒగ్గు అంటే శివుని చేతిలో ఉండే డమరుకం లాంటి చిన్న వాయిద్యం. కురుమలు, గొల్లల ఇండ్లల్లో, బీరప్ప, మల్లన్న పండుగలకు పట్నాలు వేసి కథ చెప్తరు. డోలు, తాళాలు, నఫీరా ఉంటయి. ప్రధాన కథకుడు కాసేపు బీరప్ప, కాసేపు కామరాతి, ఇంకాసేపు ఊరోళ్ల మీద జోకులేసే మామూలు మనిషి. పక్కన వంత పాడేటాయన "ఆఁ, అట్లనా?" అని అడుగుతుంటడు, మనం అడగాల్సిన ప్రశ్న ఆయన అడుగుతడన్న మాట. రాత్రంతా మైకు లేకుండా ఆ గొంతు ఎట్ల నిలబడుతదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మన ఫ్రెషర్స్ పార్టీలో రెండు పాటలకే గొంతులు పోయినయ్.

చిందు కళాకారులది ఇంకో లెక్క. వాళ్లు మాదిగ వాడలను ఆశ్రయించుకొని ఆడతరు. ఫలానా ఊర్లు ఫలానా కుటుంబానివి అని తరతరాలుగా పంపకం ఉంటది. ఆ ఊర్లల్ల ఇంకొకరు వచ్చి ఆడకూడదు. దీన్నే మిరాశి అంటరు. ఆట అయినంక ఆ వాడ వాళ్లు వడ్లో, పైసలో, బట్టలో ఇయ్యాలె. అది బిచ్చం కాదు, బాకీ.

నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది ఈ మిరాశి దగ్గరే. మన పెద్దోళ్లకు హక్కు అనే ఆలోచన లేదని, పాటలన్నీ ఊరుమ్మడి అని మనం తేలిగ్గా అంటుంటం. అది సగమే నిజం. హక్కు ఉండేది. కాకపోతే అది పాట మీద కాదు, వినేవాళ్ల మీద. డాలీ పార్టన్ "ఈ పాట నాది" అన్నది. చిందు కళాకారుడు "ఈ ఊరు నాది" అన్నడు. వినేవాళ్లు ఊర్లో ఉన్నంత కాలం ఆ లెక్క నడిచింది. కులం గీసిన గీతల మధ్యనే నడిచిందన్నది కూడా మర్చిపోవద్దు. దాంట్లో అవమానం ఉంది, ఇష్టం లేకపోయినా తప్పించుకోలేని కట్టుబాటు ఉంది. అది మళ్లా రావాలని నేను అనట్లేదు. కానీ వినేవాళ్లు ముంబై, భీవండి, హైదరాబాద్ వలసపోయినంక, పాట క్యాసెట్‌లోకి, ఫోన్‌లోకి ఎక్కినంక, ఊరి మీద హక్కు గాలికి పోయింది. పాట మీద హక్కు మాత్రం చేతికి రాలేదు.

మధ్యలో ఉద్యమాల కాలం వచ్చింది. "బండెనక బండి కట్టి" సాయుధ పోరాట కాలపు పాట, బండి యాదగిరి కట్టింది. 1980లో విడుదలైన "మా భూమి" సినిమాలో దాన్ని గద్దర్ గొంగడి కప్పుకొని పాడినంక రాష్ట్రమంతా తెలిసింది. గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు, ఊరు తూప్రాన్. మనలాగే ఇంజనీరింగ్‌లో చేరినవాడే, ఉస్మానియాలో. తర్వాత కెనరా బ్యాంకులో ఉద్యోగం చేసి, దాన్నీ వదిలేసి పాట పట్టుకున్నడు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగినయ్. ఒక తూటా 2023 ఆగస్టులో ఆయన పోయేదాకా ఒంట్లోనే ఉండిపోయింది. "ఒరేయ్ రిక్షా" పాటకు నంది అవార్డు ఇస్తే తీసుకోలేదు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులే ఆయన పేరుతో ఇస్తున్నది! ఆయన దగ్గర పాట ఆస్తి అనే మాటకే చోటు లేదు. ఎవరు పాడినా మంచిదే, ఎంత మంది పాడితే అంత మంచిది. అది ఆయన కావాలని ఇచ్చేసింది. ఇచ్చేసినవాడికీ, అసలు చేతికే రానివాడికీ తేడా ఉంది కదా. మనం ఆ తేడా మరిచి, జానపదం పాడే అందరి దగ్గరా అదే త్యాగం ఆశిస్తం.

ఉద్యమం తర్వాత ప్రభుత్వం వచ్చింది. అందెశ్రీ బడి మొహం చూడలేదు. గొర్రెలు కాసిండు, తాపీ పని చేసిండు. ఆయన రాసిన "జయ జయహే తెలంగాణ" ఉద్యమంలో ప్రతి బడిలో పాడిన పాట. రాష్ట్రం వచ్చిన పదేళ్లకు, 2024లో, అధికారిక రాష్ట్ర గీతం అయింది. అదే ఏడాది డిసెంబరు 9న ప్రభుత్వం అందెశ్రీ, గోరటి వెంకన్న, జయరాజు, గద్దర్, గూడ అంజయ్య, బండి యాదగిరి సహా తొమ్మిది మందికి కోటి రూపాయలు, 300 గజాల జాగా ప్రకటించింది. బండి యాదగిరి పాటకు అప్పటికి డెబ్బై ఏండ్లు దాటినయ్. అందెశ్రీ 2025 నవంబరు 10న పోయిండు.

ఇది మంచిదే, కాదనను. కానీ బహుమతి వేరు, వాటా వేరు. బహుమతి ఇచ్చేటోని మనసు మీద ఆధారపడతది. కిన్నెర మొగులయ్యను చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మనిషి. "భీమ్లా నాయక్" టైటిల్ పాట మొదట్లో వినబడే గొంతు ఆయనదే. 2022లో పద్మశ్రీ వచ్చింది, కోటి రూపాయలు ప్రకటించిన్రు. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివార్లలో కట్టడం పని దగ్గర కూలి చేస్తున్న వీడియో మనందరి స్టేటస్‌లల్ల తిరిగింది. నెలనెలా వచ్చే పది వేల గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పిండు. మనం ఏడుపు ఎమోజీలు పెట్టి ఫార్వర్డ్ చేసినం. మోగిన ప్రతిసారీ ఎంతో కొంత వచ్చే ఏర్పాటు ఉంటే ఆ వీడియో తీసే అవసరమే పడకపోను.

మరి మన చట్టం ఏమంటది? 1957 కాపీరైట్ చట్టానికి 2012లో పెద్ద సవరణ వచ్చింది. సినిమా పాటలు రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ వాటాను నిర్మాతకు పూర్తిగా రాసియ్యడానికి వీల్లేదని చెప్పింది. పాడినవాళ్లకు కూడా ప్రదర్శన హక్కులను గట్టిపరిచింది. తన పేరు చెప్పమని అడిగే హక్కు కూడా దాంట్లో ఉంది. రేడియో విషయంలో అరీథాకు లేనిది, కాగితం మీద మన గాయనికి ఉంది. చిక్కు ఎక్కడంటే, ఎవరు కట్టిన్రో తెలియని పాటకు రచయిత ఉండడు. యూట్యూబ్‌లో చూడండి, "లిరిక్స్: సేకరణ" అని ఉంటది. ఎవరి దగ్గర సేకరించిన్రు? ఏ ఊర్ల? ఆ ఒక్క మాట వెనుక ఒక అవ్వ నాట్లేసుకుంట పాడిన పాట ఉండొచ్చు. ఛానల్‌కు యాడ్ పైసలు వస్తుంటయ్, పాడిన అమ్మాయికి చాలాసార్లు ఒక్కపాలి ఇంత అని చేతిలో పెడతరు, అంతే.

"సారంగ దరియా" గొడవ మీకు యాదుంటది. 2021లో "లవ్ స్టోరీ" సినిమా కోసం సుద్దాల అశోక్ తేజ జానపద పల్లవి తీసుకొని పాట రాసిన్రు, మంగ్లీ పాడింది. ఆ పాటను ముందే సేకరించి టీవీలో పాడిన కోమలి అభ్యంతరం చెప్పింది. ఆమెకు క్రెడిట్, డబ్బు ఇస్తమని దర్శకుడు శేఖర్ కమ్ముల బహిరంగంగానే చెప్పిన్రు. అప్పుడు మన వాట్సాప్ గ్రూపులల్ల "జానపదం ఎవడబ్బ సొత్తు?" అని కొట్లాట నడిచింది. నా అభిప్రాయం ఇదీ: జానపదం ఎవరి సొత్తూ కాదు, కానీ దాన్ని వెతికి, నేర్చుకొని, మన దాకా తెచ్చిన శ్రమ మాత్రం ఒకరిదే. పాటకు ఓనర్ లేకపోవచ్చు, పనికి కూలి ఉంటది.

ఇదంతా చదివినంక మన క్లబ్బులో ఒక పని మొదలుపెట్టినం. మొన్నటి ఫెస్ట్‌కు మా వైపు ఒగ్గు బృందాన్ని పిలిచినం కదా, ఆ రికార్డింగ్ పెట్టే ముందు ఒక పేజీ కాగితం రాసుకున్నం, తెలుగులో, వాళ్లకు చదివి వినిపించి. ఎక్కడ పెడతమో, పైసలు వస్తే ఎట్ల పంచుతమో, తీసేయమంటే ఎన్ని రోజుల్లో తీసేస్తమో దాంట్లో ఉంది. బృందం పెద్దాయన అంతా విని ఒక్కటే అడిగిండు: "డోలు కొట్టినోని పేరు ఉన్నదా బిడ్డా?" లేదు. అప్పటికప్పుడు రాసినం. తాళాలు వేసినాయన పేరు, నఫీరా ఊదినాయన పేరు, వాళ్ల ఊర్లు కూడా. వీడియో కింద వివరణ తెరిస్తే ఇప్పుడు మొదటి ఏడు లైన్లు పేర్లే ఉంటయి. మన కాలేజీ పేరు ఎనిమిదో లైన్.