చరమదశలో సేవ

నయం కాని వ్యాధితో జీవిత చరమదశకు చేరిన వారి బాధను తగ్గించి, మిగిలిన రోజులను గౌరవంగా గడపనిచ్చే సేవాకేంద్రమే హాస్పిస్. 1967లో సిసిలీ సాండర్స్ లండన్‌లో స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ఈ ఉద్యమానికి ఆధునిక రూపమిచ్చింది. మన దేశంలో 1986లో ముంబయిలో శాంతి అవేదన సదన్ వెలసింది.

ఇటువంటి కేంద్రాల నాణ్యతను భవనాల హంగును బట్టి నిర్ణయించరాదు. మరణాల సంఖ్యా కొలమానం కాదు. అక్కడ చేరేవారిలో అధికులు కోలుకోలేనివారే. నొప్పి ఎంత త్వరగా అదుపులోకి వస్తున్నదన్నదే తొలి ప్రశ్న. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ముఖ్యమైన ఔషధం. దాని లభ్యతను సులభతరం చేస్తూ 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. కనుక ఆ మందును వాడే అనుమతి కేంద్రానికి ఉన్నదో లేదో విచారించాలి.

రాత్రివేళ పిలిస్తే నర్సు పలుకుతున్నదా? పుండ్లు పడకుండా రోగిని వేళకు పక్కకు తిప్పుతున్నారా? చికిత్సలో అతని అభీష్టాన్ని అడుగుతున్నారా? కుటుంబానికి వాస్తవం చెప్పి, మరణానంతరం కూడా ఓదార్పునిస్తున్నారా? ఇవి తక్కిన ప్రశ్నలు.

సాధారణ ఆసుపత్రిలో లోపం జరిగితే, కోలుకున్న రోగి తరువాతనైనా చెప్పగలడు. ఇక్కడ ఆ అవకాశం ఉండదు. అందుచేత చేర్చడానికి ముందే ఈ ప్రశ్నలన్నీ అడగడం కుటుంబసభ్యుల కర్తవ్యం.