క్షిపణి ఎంత దూరం పోతుంది? - యుద్ధ విమానాల సిమ్యులేటర్ మాతో చేయించిన లెక్క

వార్షికోత్సవ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని కబురు వచ్చినప్పుడు మేము నలుగురం కూర్చుని ఒక కంప్యూటర్ గేమ్ గురించి రాయాలని అనుకున్నాం. వార్డెన్ సారు మొదటి పేరా దగ్గరే కళ్లద్దాలు తీసి పక్కన పెడతారేమోనని భయం ఉంది. అయినా చివరిదాకా చదవమని మనవి. ఈ గేమ్‌ను మేము ఆడింది తక్కువ, దాని కోసం ఖర్చు చేసిన తెల్లకాగితాలు ఎక్కువ.

మామూలు వీడియో గేమ్‌లో విమానం ఒక బొమ్మ మాత్రమే. మీట నొక్కితే తిరుగుతుంది. సిమ్యులేటర్‌లో అలా కాదు. అక్కడ విమానానికి బరువు ఉంటుంది, ఇంజనుకు ఇంత బలం అని ఉంటుంది, ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. ఇవన్నీ లెక్క కట్టి, మరుక్షణంలో విమానం ఎక్కడ ఉండాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. కంపెనీ ఇచ్చిన గేమ్‌లో లేని విమానాన్నో, క్షిపణినో ఆడేవాళ్లే తయారు చేసి అందులో చేర్చడాన్ని మాడింగ్ అంటారు. ఈ పని చేసేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు, చాలామంది జీతం లేకుండానే చేస్తారు. 1998 డిసెంబరులో మైక్రోప్రోస్ కంపెనీ విడుదల చేసిన ఫాల్కన్ 4.0 అనే ఎఫ్-16 సిమ్యులేటర్‌ను అభిమానులు బీఎంఎస్ పేరుతో ఇప్పటికీ మెరుగుపరుస్తూనే ఉన్నారు. డీసీఎస్ వరల్డ్‌లో ఎగిరే ఏ-4 స్కైహాక్ విమానాన్ని కూడా అలాంటి ఔత్సాహికులే చేసి ఉచితంగా ఇచ్చారు.

మా దగ్గర ఉన్నది నలుగురం డబ్బులు వేసుకుని కొన్న పాత కంప్యూటర్. కొత్త సిమ్యులేటర్లు దాని మీద పేరు కూడా చూపించవు. అందుకే ఒక సీనియర్ అన్న ఇచ్చిన డిస్కుతో, 2002లో థర్డ్ వైర్ సంస్థ తెచ్చిన స్ట్రైక్ ఫైటర్స్‌తో మొదలుపెట్టాం. ఒక రకంగా అదే మంచిదైంది. ఆ గేమ్‌లో ఆయుధాల వివరాలు మామూలు అక్షరాల ఫైళ్లలో ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే వరుసగా కనబడతాయి: బరువు, వ్యాసం, మోటారు ఎన్ని సెకన్లు మండుతుంది, ఎంత త్వరణం ఇస్తుంది, ముక్కులోని సీకర్ ఎంత కోణంలో చూడగలదు, ఎంత విశ్వసనీయంగా పనిచేస్తుంది. అంకె మారిస్తే క్షిపణి మారిపోతుంది. (ముందు అసలు ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకోండి. మేము తీసుకోలేదు. రెండుసార్లు గేమ్ మొత్తం మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది.)

మా మొదటి మాడ్ అస్త్ర క్షిపణి. మన హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ తయారుచేసే క్షిపణి కాబట్టి దానిమీద మాకు ఒక మమకారం. 2022 మే 31న రక్షణ శాఖ ఆ సంస్థకు 2,971 కోట్ల రూపాయల అస్త్ర ఒప్పందం ఇచ్చింది. 2023 ఆగస్టులో గోవా తీరంలో తేజస్ విమానం దాదాపు 20 వేల అడుగుల ఎత్తు నుంచి దాన్ని ప్రయోగించింది. బరువు 154 కిలోలు, వ్యాసం 178 మిల్లీమీటర్లు, పరిధి వంద కిలోమీటర్లకు పైన. పేపర్లో పడిన ఈ అంకెలన్నీ ఫైలులో దించేశాం. పరీక్షించి చూస్తే మా క్షిపణి వంద కిలోమీటర్లు పోవడం లేదు. పోయేదాకా మోటారు మండే కాలాన్ని పెంచుకుంటూ వెళ్లాం. విశ్వసనీయత నూటికి నూరు, గురి నూటికి నూరు. ఇక చూడండి, ఎనిమిది క్షిపణులు వదిలితే ఎనిమిది విమానాలు రాలాయి. ఆ రాత్రంతా కేకలే.

ఆ మాడ్ మీదనే రెండో సెమిస్టర్ సెమినార్ ఇచ్చాం. బొమ్మలు, పట్టికలు అన్నీ చూపించాం. వెనక బెంచీలో కూర్చున్న లెక్చరర్ ఒక్కటే అడిగారు: “పరిధి వంద కిలోమీటర్లు అన్నారు. నేలను రాసుకుంటూ పోతూ వదిలినా వందేనా? ఎదుటివాడు తోక చూపించి పారిపోతున్నా వందేనా?”

నలుగురం బోర్డు దగ్గర నిలబడ్డాం. ఒక్కడికీ నోరు పెగల్లేదు. వి ఈక్వల్టు యు ప్లస్ ఏటీ అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. దానికి మార్కులూ తెచ్చుకున్నాం. కానీ మేము చేసిన పని ఏమిటంటే, గైడు వెనక జవాబు చూసి స్టెప్పులు సర్దినట్టు, పేపర్లో చూసిన పరిధికి సరిపోయేలా మోటారును సర్దాం. పదో తరగతిలో మనమంతా చేసినదే. హాస్టల్‌కు వచ్చి బ్లాక్‌బోర్డు మీద మొదలుపెట్టాం. ఆ లెక్కే ఇప్పుడు మీకు చెబుతున్నాం.

ముందు తేలిక క్షిపణితో మొదలుపెడదాం. 1950ల నాటి అమెరికా సైడ్‌వైండర్, ఏఐఎం-9బి. దాని మోటారు 2.2 సెకన్లు మాత్రమే మండుతుంది. అంతలోనే వదిలిన విమానం వేగానికి తోడు సెకనుకు సుమారు 580 మీటర్ల వేగం అందుకుంటుంది. 580ని 2.2తో భాగించండి. సెకనుకు సెకనుకు 264 మీటర్లు, అంటే గురుత్వ త్వరణానికి 27 రెట్లు, సిమ్యులేటర్ భాషలో 27 జి. ఫైలులో రాయాల్సింది ఈ అంకెను. ఇది తొమ్మిదో తరగతి సూత్రమే. మరి ఆ 2.2 సెకన్ల తర్వాత? ఇక ఇంధనం లేదు. క్షిపణి విసిరిన రాయితో సమానం. ఇలాంటి రాకెట్ క్షిపణుల్లో చాలావాటి ప్రయాణంలో ఎక్కువ భాగం ఇలా విసిరిన రాయిలాగే సాగుతుంది. కాబట్టి పరిధి ఎంత అనే ప్రశ్నకు జవాబు చాలావరకు మోటారులో కాదు, గాలిలో ఉంది.

178 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న క్షిపణికి మధ్యచ్ఛేద వైశాల్యం 0.0249 చదరపు మీటర్లు. మోటారు ఆరిపోయాక మిగిలిన బరువు 100 కిలోలు, గాలి నిరోధ గుణకం 0.5, వేగం సెకనుకు 900 మీటర్లు అనుకుందాం. ఇవి లెక్క కోసం మేము పెట్టుకున్న గుండ్రటి అంకెలు, ఏ క్షిపణివీ కావు. గాలి నిరోధం అంటే సాంద్రతలో సగం, ఇంటూ వేగం వర్గం, ఇంటూ గుణకం, ఇంటూ వైశాల్యం. సముద్ర మట్టం దగ్గర గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోలు. గుణిస్తే దాదాపు 6,200 న్యూటన్లు వస్తుంది. అంటే మొదటి సెకనులోనే సుమారు 60 మీటర్ల వేగం పోతుంది. పది కిలోమీటర్ల ఎత్తులో సాంద్రత 0.4135, మూడో వంతు. అక్కడ అదే క్షిపణి సెకనుకు సుమారు 20 మీటర్లే కోల్పోతుంది.

ఇంకో మెట్టు ఎక్కితే, నిరోధం వేగం వర్గాన్ని బట్టి ఉంటే ఎంత దూరంలో వేగం సగమవుతుందో ఒకే సూత్రంతో తేలుతుంది. ద్రవ్యరాశికి రెండు రెట్లను 0.693తో గుణించి, దాన్ని సాంద్రత, గుణకం, వైశాల్యం ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. నేల దగ్గర 9 కిలోమీటర్లు వచ్చింది. పది కిలోమీటర్ల ఎత్తులో 27. మాలో ఒకడు నమ్మక మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ అదే వచ్చింది. క్షిపణి అదే, మోటారు అదే, మారింది గాలి ఒక్కటే. ఇక ఎదుటివాడు మన వైపే వస్తుంటే తను కూడా దూరాన్ని తగ్గిస్తాడు. పారిపోతుంటే వేగం తగ్గుతున్న క్షిపణి వాడి వెనక పడాలి. పేపర్లో వేసే పరిధి సాధారణంగా మంచి ఎత్తులో, ఎదురుగా వచ్చే విమానం మీద దొరికే దూరం. అది అబద్ధం కాదు, కానీ అన్ని వేళలా నిజం కాదు.

తర్వాత మలుపు. క్షిపణి వేగంగా పోతుంది కాబట్టి సులువుగా తిరుగుతుందని మేము అనుకునేవాళ్లం. వేగం వర్గాన్ని త్వరణంతో భాగిస్తే మలుపు వ్యాసార్థం వస్తుంది. సెకనుకు 900 మీటర్లతో పోతూ 20 జి మలుపు తీసుకునే క్షిపణికి 4 కిలోమీటర్లకు పైనే కావాలి. 250 మీటర్లతో పోతూ 9 జి తీసుకునే విమానానికి 700 మీటర్లు చాలు. కోణంలో చూస్తే విమానం సెకనుకు 20 డిగ్రీలు తిరుగుతుంది, క్షిపణి 12 మాత్రమే. అలాంటప్పుడు అసలు తగిలేదెలా?

దీనికి జవాబు మన ఊళ్లోనే ఉంది. పొలం దారి నుంచి సైకిల్ మీద మెయిన్ రోడ్డుకు వస్తున్నాం, ఎడమ పక్క నుంచి లారీ వస్తోంది. లారీ మన చూపులో ముందుకు జరుగుతుంటే అది మనకంటే ముందు దాటిపోతుంది. వెనక్కి జరుగుతుంటే మనం ముందు దాటతాం. ఎంతసేపు చూసినా అదే కోణంలో ఉండి పెద్దదవుతోందంటే బ్రేకు వేయాల్సిందే, లేకపోతే గుద్దుకుంటాం. క్షిపణి సరిగ్గా ఆ గుద్దుకునే స్థితినే కోరుకుంటుంది. అది విమానం వెంట పరుగెత్తదు. తన చూపు రేఖ ఎటు తిరుగుతోందో చూసి, ఆ తిరుగుడు ఆగేదాకా దారి మార్చుకుంటుంది. చూపు రేఖ తిరిగే రేటును, దగ్గరయ్యే వేగాన్ని, మూడు నుంచి అయిదు మధ్య ఉండే ఒక గుణకాన్ని కలిపి గుణిస్తే ఎంత త్వరణంతో తిరగాలో వస్తుంది. దీన్ని ప్రపోర్షనల్ నావిగేషన్ అంటారు. ముందే ఎదురు వెళ్లి కాస్తుంది కాబట్టి పెద్ద మలుపులు అక్కర్లేదు. చివరి క్షణంలో విమానం గట్టిగా తిరిగితే మాత్రం, అప్పటికి క్షిపణిలో వేగం మిగిలి ఉంటేనే తగులుతుంది. మళ్లీ గాలి లెక్క దగ్గరకే వచ్చాం.

ఇక విశ్వసనీయత. నూటికి నూరు పెట్టినందుకు మాకు చాలా సిగ్గేసింది. వియత్నాం యుద్ధంలో అమెరికా ఎఫ్-4 ఫాంటమ్ విమానాలు స్పారో అనే రాడార్ క్షిపణులను నమ్ముకున్నాయి. వాటిలో తగిలినవి ఇంచుమించు పదింటికి ఒకటి. తేమకు, ఓడల మీద కుదుపులకు సున్నితమైన ఎలక్ట్రానిక్స్ చెడిపోయేవి. పరిధి దాటాక వదిలినవి కొన్ని. ఏఐఎం-9బి కూడా తక్కువదేమీ కాదు. విమానం 2 జికి మించి తిరుగుతుండగా వదిలితే పనికిరాదు, శత్రువు తోక వైపు నుంచి మాత్రమే ఇంజను వేడిని చూడగలదు. ఈ వైఫల్యాల మీద 1968లో కెప్టెన్ ఆల్ట్ నాయకత్వంలో అమెరికా నౌకాదళం విచారణ చేయించింది. 1969లో మిరామార్‌లో టాప్‌గన్ స్కూలు పెట్టింది దాని ఫలితంగానే. కాబట్టి నిజమైన మాడ్ అంటే క్షిపణి గొప్పతనాన్నే కాదు, దాని తప్పులను కూడా రాయాలి. స్పారోకు తక్కువ అంకె పెట్టి ఆడితే ఆనాటి పైలట్ చేతులెందుకు చెమర్చాయో కొంత తెలుస్తుంది. అవతలి విమానంలోనూ మనిషే ఉంటాడన్న సంగతి కూడా, క్షిపణి తగలనప్పుడే మాకు మొదటిసారి గుర్తొచ్చింది.

ఒక పిట్టకథ. 1958 సెప్టెంబరు 24న తైవాన్ జలసంధి మీద తైవాన్ సేబర్ విమానాలు తొలిసారి సైడ్‌వైండర్లను యుద్ధంలో వాడాయి. ఒకటి పేలకుండా చైనా మిగ్-17లో ఇరుక్కుపోయి దానితోపాటే దిగిందని చెబుతారు. అది సోవియట్ ఇంజనీర్ల చేతికి చేరి కె-13 క్షిపణి పుట్టింది. మన వాయుసేన మిగ్-21లు మోసింది ఆ కె-13నే. ఆ మిగ్-21లు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్నాయి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. నిజానికి దగ్గరగా ఉండాలన్న తపనతో కొందరు రహస్య పత్రాల జోలికి పోయారు. ఎఫ్-16 మాన్యువళ్లను అక్రమంగా తెప్పించుకోబోయాడని ఒక రష్యన్ గేమ్ డెవలపర్ మీద 2019లో అమెరికాలో కేసు నడిచింది. 2021లో వార్ థండర్ అనే గేమ్ ఆడే ఒకతను వాదన గెలవడానికి బ్రిటన్ చాలెంజర్-2 ట్యాంకు మాన్యువల్ పేజీలే బయటపెట్టాడు. మన దేశంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. మనలో కొందరు రేపు కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఎల్‌లోనో, బీడీఎల్‌లోనో ఉద్యోగాలకు పోతారు. అక్కడ పనిచేసే అన్నలెవరైనా తెలిస్తే వాళ్లను అంకెలు అడగకండి. ప్రచురించిన బరువు, వ్యాసంతో, తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంతో ఎంత దూరం పోగలమో అంతే పోదాం.

గేమ్ కొనే డబ్బు లేనివాళ్లకు ఫ్లైట్‌గేర్ ఉంది, పూర్తిగా ఉచితం. దాని విమానాల అంకెలన్నీ తెరిచి చదువుకోవచ్చు. అందులో వాడే జేఎస్‌బీసిమ్ అనే లెక్కల యంత్రంలో ఎఫ్-16 నమూనాకు ఆధారం నాసా 1979లో బహిరంగంగా ప్రచురించిన పరీక్షల అంకెలే. కంప్యూటరే లేకపోతే క్యాలిక్యులేటర్ చాలు. మేము చేసిన అసలు లెక్కంతా దాని మీదే.

మా అస్త్రను మొత్తం తిరగరాశాం. మోటారును ఊహించిన అంకెలతో న్యాయంగా పెట్టాం, విశ్వసనీయత తగ్గించాం. మొదటి రోజు తక్కువ ఎత్తులో పారిపోతున్న విమానం మీద వదిలితే క్షిపణి వేగం చచ్చి, ఒరిగి, సముద్రంలో పడింది. నలుగురం చప్పట్లు కొట్టాం. పక్క గదివాళ్లు మేమే గెలిచామనుకున్నారు.

తమ్ముళ్లకు ఒక అభ్యాసం. అయిదు కిలోమీటర్ల ఎత్తులో గాలి సాంద్రత 0.736. పైన చెప్పిన క్షిపణి అక్కడ ఎంత దూరంలో సగం వేగానికి వస్తుంది? జవాబు ఇక్కడ వేయడం లేదు. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మీ నోటు పుస్తకాలు చూస్తాం, స్టెప్పులతో సహా.