కాఫీ బేరంలో తూకమొక్కటే చాలదు

క్రోసూరు: బస్తా విప్పి గుప్పెడు మిరపకాయలు చేతబట్టి తేమ ఎంతో, తాలు ఎంతో చెప్పగల వర్తకులకు పల్నాటిలో కొదవ లేదు. మన్యం కాఫీకి కూడా అటువంటి పరీక్షే అవసరం. అయితే కాఫీలో తాలు పైకి కనిపించదు, పొట్టు లోపల ఉంటుంది.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి కొండలలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగలతోపాటు అరబికా రకం పండిస్తున్నారు. ఇవి చిన్న కమతాలు. ‘అరకు వేలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా ఇక్కడ సరుకు కొంటుంది.

సరుకు రెండు రూపాలలో వస్తుంది. పండిన కాయను కోసిన రోజునే పల్పర్‌లో తోలు తీసి, పులియబెట్టి, కడిగి ఆరబెడితే పార్చ్‌మెంట్. కాయను కాయగానే ఎండబెడితే చెర్రీ. 50 కిలోల బస్తాను మరపడితే పార్చ్‌మెంట్ నుండి సుమారు 40 కిలోలు, చెర్రీ నుండి సుమారు 25 కిలోల గింజ దిగుతుంది. కనుక రెండింటి బస్తా ధరలను పక్కపక్కన పెట్టి పోల్చరాదు.

చెర్రీలోనూ తేడాలున్నాయి. ఒక సరుకులో బస్తాకు 26 కిలోలు, మరొకదానిలో 23 కిలోలు దిగాయనుకొందాం. నూరు బస్తాలకు తేడా 300 కిలోలు. రెండింటికీ హెచ్చు ధర ఇస్తే నష్టం వర్తకునిది. రెండింటికీ తగ్గు ధర కడితే నష్టం పండు ఏరి కోసిన రైతుది; మరుసటి ఏడు అతడూ పచ్చికాయ కలిపి దూస్తాడు.

తేమ లెక్క మరొకటి. 15 శాతం తేమ గల 100 కిలోల సరుకు 10 శాతానికి ఆరితే మిగిలేది 94.4 కిలోలే. అయిదున్నర కిలోలు నీటికి పెట్టిన సొమ్ము.

న్యూయార్క్‌లో అరబికా ధర 2025 ఫిబ్రవరిలో పౌనుకు 4 డాలర్లు దాటింది. ధర పెరిగినకొద్దీ ఈ తరుగు విలువా పెరుగుతుంది. ప్రతి సరుకు నుండి 100 గ్రాముల మచ్చు తీసి, రైతు ఎదుటనే పొట్టు ఒలిచి, గింజ తూచి ధర కట్టడం ఉభయులకూ క్షేమం.