గోమారిని గోటితో నలపకండి

పాలు పితికేటప్పుడు ఆవు పొదుగు దగ్గర కనిపించిన గోమారిని పీకి, బొటనవేలి గోటితో చిట్లించడం మనకు అలవాటు. కొందరు పిడుదు అంటారు, పురుగు అదే. హైటెక్ సిటీ దాటి గోపన్‌పల్లి, తెల్లాపూర్, కొల్లూరు వైపు ఇప్పటికీ పాడి మీద బతికే ఇళ్లున్నాయి. బీళ్లు తగ్గి పశువులు రోజంతా కొట్టంలోనే ఉంటున్నాయి. కొట్టంలో చేరిన గోమారి మనిషి మీదికి ఎక్కడానికి ఎంతోసేపు పట్టదు.

నలిపితే దాని కడుపులోని రక్తం మన వేళ్లకు అంటుతుంది. వేలికి కోసుకున్న గాయముంటే రోగం అందులోంచి లోపలికి పోవచ్చు. ఇది ఉత్త భయం కాదు. 2011 జనవరిలో గుజరాత్‌లోని అహ్మదాబాద్ జిల్లాలో క్రిమియన్ కాంగో జ్వరం బయటపడింది. రోగితోపాటు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. గోమారి కరిచినా, రోగమున్న పశువు రక్తం తగిలినా ఇది వస్తుంది. చిక్కేమిటంటే, పశువు చూడ్డానికి బాగానే ఉంటుంది.

మరి మీ ఒంటికే పట్టిందనుకోండి. బీడీతో చురక పెట్టడం, కిరసనాయిలు పూయడం వద్దు. అప్పుడది కడుపులోది గాయంలోకే కక్కే ప్రమాదముంది. ముల్లు తీసే సన్నమొన చిమటా చాలు. పొట్ట దగ్గర కాదు, చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకోండి. మెలితిప్పకుండా నిదానంగా, నిటారుగా పైకి లాగండి. చిమటా లేకుంటే వేళ్లకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని ఇదే పని చేయండి. మూతి ముక్క లోపల ఉండిపోయి సులువుగా రాకపోతే సూదితో కెలకొద్దు, చర్మమే దాన్ని మెల్లగా బయటికి నెట్టేస్తుంది. గాయం, చేతులు సబ్బుతో కడిగి స్పిరిట్ రాయండి. తీసిన గోమారిని స్పిరిట్ సీసాలో వేయండి. పిల్లలకైతే చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో, జుట్టులో వెతకాలి.

తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, ఒళ్లునొప్పులు, దద్దుర్లు వస్తే మందుల షాపుకు కాదు, డాక్టరు దగ్గరికే వెళ్లండి. గోమారి ఎప్పుడు కరిచిందో చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు.

ఇక కొట్టం సంగతి. రక్తం తాగిన ఆడ గోమారి కింద రాలి, పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. పశువుకు మందు కొట్టి గోడను వదిలేస్తే సగం పనే అయినట్టు. పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. మందు పాళ్లు, ఎన్నిరోజులు పాలు వాడకూడదో పశువైద్యుణ్ణి అడగండి. మందు కొట్టేముందు నీళ్లు తాగించి, నాకకుండా మూతికి చిక్కం కట్టండి.

సంకరజాతి ఆవులకు గోమార్లు తెచ్చే థైలీరియా జ్వరానికి టీకా ఉంది. పేరు రక్షావ్యాక్-టి, గచ్చిబౌలిలో కర్మాగారమున్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారిది. రెండు నెలలు దాటిన దూడలకు వేయించవచ్చు. దాన్ని ద్రవ నత్రజనిలో నిల్వ ఉంచాలి కాబట్టి పశువుల ఆసుపత్రిలో ముందుగానే చెప్పి పెట్టుకోండి.