డికాక్షన్ చేదేల?

ప్రశ్న: డబ్బా తెరచిన దినమున ఘుమఘుమలాడిన కాఫీపొడి పక్షము తిరుగకమునుపే చప్పబడుచున్నది, డికాక్షన్ చేదు. మన మన్యమున మంచి కాఫీ లభింపదా?
— ఒక గృహిణి, భద్రాచలం

జవాబు: లభించునమ్మా. గోదావరి యొడ్డున గల మీ యూరి యుక్కకు అరబికా పండదు గనుక, చింతూరు దాటి తూర్పు కనుమలెక్కి, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల పైనున్న పాడేరు, అరకు కొండలలో, మిరియపు తీగెలల్లుకొన్న సిల్వర్ ఓక్ నీడన గిరిజన రైతులు పెంచు గింజలను వెదకవలయును. 2017లో పారిస్ నగరమున తన పేరిట అంగడి తెరపించుకొని, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ పొరుగుననే యుండగా, మనము చికోరి దట్టించిన పొడితో తృప్తిపడుట నాకు వింతగా తోచును.

పొడి పరిమళము గాలికి త్వరగా పోవును. వేయించిన గింజలు కొని, వారమునకు చాలినంతయే మరపట్టించుడు. చేదునకు తరచుగా కారణము మసలు నీరే: నీరు తెర్లిన పిమ్మట అరనిమిషమాగి, ఫిల్టరు పైగిన్నెలో నొక్కీనొక్కక సర్దిన పొడిపై, అది తడిసి పొంగునంతమాత్రమే తొలుత పోసి, బుడగలణగిన తరువాత తక్కినది పోయుడు. చుక్కచుక్కగా దిగిన డికాక్షనును మరల పొయ్యి కెక్కింపక, పాలనే కాచి కలుపుడు. రెండవ డికాక్షన్ చుట్టములకిచ్చుట, నా దృష్టిలో, అపరాధమే.