పాథాలజీ ఎందుకు? విదేశీ ఎంబీబీఎస్‌ల ముందున్న ప్రశ్న

మల్లాపూర్ నుంచో కోరుట్ల నుంచో వెళ్లి కిర్గిజ్‌స్తాన్‌లో, జార్జియాలో, ఫిలిప్పీన్స్‌లో వైద్యవిద్య పూర్తిచేసి వచ్చినవారికి ఇక్కడ మొదటి గండం ఎఫ్‌ఎంజీఈ అర్హత పరీక్ష. 300 మార్కుల్లో 150 తెచ్చుకోవాలి. అందులో పాథాలజీ వాటా 13 మార్కులే గనుక చాలామంది దాన్ని పైపైన చదివి వదిలేస్తారు. ఆ తర్వాత ఇంటర్న్‌షిప్, నీట్ పీజీ, వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వెబ్ ఆప్షన్లు. ఇంత దారిలో ర్యాంకు అడుగుతారు, కేటగిరీ అడుగుతారు, ఈ బ్రాంచే ఎందుకని ఎవరూ అడగరు. అమెరికాలో రెసిడెన్సీకి దరఖాస్తు పెడితే పర్సనల్ స్టేట్‌మెంట్ రాయాలి, ఇంటర్వ్యూలో దానికి జవాబు చెప్పుకోవాలి. మన కౌన్సెలింగ్‌లో ఆ తంతు లేదు. అందుకే జనరల్ మెడిసిన్, రేడియాలజీ అందనివారు మిగిలిన సీటుగా పాథాలజీలో చేరుతుంటారు. ఆప్షన్లు పెట్టకముందే ఆ స్టేట్‌మెంట్‌ను తమ కోసం తాము రాసుకోవాలని నా వాదన.

అందులో ఏం రాయాలి? విదేశాల్లో పాఠం ఇంగ్లిష్‌లో సాగినా, వార్డులో రోగి మాట్లాడేది రష్యనో జార్జియనో. మంచం పక్కన నేర్చుకోవాల్సింది చాలామందికి అరకొరగానే అందుతుంది. స్లైడుకు ఆ అడ్డు లేదు, బిష్కెక్‌లో చూసిన క్యాన్సర్ కణం జగిత్యాలలోనూ అలాగే ఉంటుంది. అయితే రోగితో మాట్లాడటానికి బెరుకు కాబట్టి పాథాలజీ అనుకుంటే మాత్రం అది పారిపోవడమే. పైగా గడ్డలోకి సూది గుచ్చి ఎఫ్‌ఎన్‌ఏసీ చేసేది చాలాచోట్ల పాథాలజిస్టే. గట్టి కారణం వేరే ఉంది. జగిత్యాల, సిరిసిల్ల బీడీలు చుట్టే ప్రాంతాలు, పొగాకుకూ నోటి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం తెలిసిందే. మానని పుండు మామూలుదా, క్యాన్సరా అన్నది తేల్చేది ముక్క పరీక్షే. ఆ రిపోర్టు వచ్చేదాకా సర్జన్ కత్తి పట్టడు, కీమో మొదలుకాదు. ఆ మాటకు పూచీ పడాలన్న కోరిక ఉంటే, అదీ కారణం.

యంత్రాలు వచ్చాక పాథాలజిస్టుతో పనేంటి అంటారు. నిమిషాల్లో రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం కూడా, తేడా కనిపిస్తే స్మియర్ చూడమని మనిషికే అప్పగిస్తుంది. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ స్లైడును స్కాన్ చేసి తెరమీద చూసి రోగనిర్ధారణ చేసే వ్యవస్థకు అనుమతిచ్చింది. దానివల్ల మారింది చూసే చోటు, సంతకం డాక్టర్‌దే. జిల్లాలో ఒంటరిగా పనిచేసే పాథాలజిస్టు దూరాన ఉన్న నిపుణుల అభిప్రాయం అడగడానికి ఇది మేలే. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంట్లోంచి వస్తుంది. అన్ని లక్షలు పోసి చదివిస్తే బోర్డు కట్టుకోని డాక్టరా అని. నిజమే, ఓపీ ముందు క్యూ ఉండదు, సొంత ల్యాబుకు పెట్టుబడి కావాలి. పేరు, రాబడి త్వరగా కావాలనుకునేవారిని ఈ బ్రాంచిలోకి రమ్మని నేను చెప్పను. ఉద్యోగం సంగతి వేరు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో పాథాలజీ తప్పనిసరి గనుక ఆ విభాగం లేకుండా ఏ కాలేజీ నడవదు. ఎండీ మూడేళ్లూ ఫార్మలిన్ వాసనలో, కోసి తెచ్చిన అవయవాన్ని ముక్కలు చేసి చూసే గ్రాసింగ్ బల్ల దగ్గర గడపగలరా అన్నది ఇంటర్న్‌షిప్‌లోనే ఆ విభాగానికి వెళ్లి కొన్ని రోజులు నిలబడి తేల్చుకోవచ్చు.